ఏడు మణుగుల కాడ ఆగు

కర్నూలు
20-1-1954

ఒరేయ్ ఓబులేసూ,

అక్క ఆశీస్సులు. ఇవ్వకపోతే బాగుండదని ఇస్తున్నాను గాని, నీ మీద నాకిప్పుడు ఒళ్లు మండిపోతోంది.

నిన్న డాక్టరు మాట సగం విని లేచి బస్సెక్కేశావట. నీ కోసం వండిన అన్నం మేం రెండు పూటలు తిన్నాం. మీ బావ నిన్ను చూడాలని ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆఫీసంటే మేడ అనుకునేవు, గుడారం. రాజధాని అని పేరు పెట్టి, కాగితాలు గాలికి ఎగిరిపోకుండా మనిషికి రెండు కంకరరాళ్లు ఇచ్చారు. ఆయన ఇంటికి వచ్చేసరికి నువ్వు నంద్యాల దాటి ఉంటావు.

అందుకని ఈ రోజు నేనే పోయి డాక్టరును అడిగాను. నువ్వు వినకుండా వచ్చిన సగం ఇదిగో. నీకున్నది చక్కెర జబ్బు. మన నాయన పోయింది కూడా దీనితోనే. అప్పుడు ఎవరికీ తెలియలేదు. డాక్టరు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "మనిషి ఆరడుగులున్నాడు గాని ఒళ్లు మితిమీరి పెరిగింది. ఏడు మణుగులకు దిగాలి. అంటే నూట డెబ్బై ఐదు పౌన్లు. మా యంత్రం మరమ్మతుకు పోయింది, వాళ్ల ఊళ్లోనే ఎక్కడైనా తూచుకోమనండి. ఏడు దగ్గర ఆగాలి. ఇంకా దిగితే ఈ జబ్బున్న మనిషిని క్షయ పట్టుకుంటుంది. దించడం ఎంత ముఖ్యమో ఆపడమూ అంతే ముఖ్యం."

విన్నావా? దిగు, ఏడు కాడ ఆగు. రెండు ముక్కలు. ఒక ముక్క పట్టుకుని రెండోది మరిచే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నాకు జాబు రాయి. రాయకపోతే నేనే వచ్చి కూర్చుంటాను.

మీ అక్క
లక్ష్మీదేవమ్మ


వేంపల్లె
14-2-1954

అక్కకు నమస్కారాలు.

నువ్వు వచ్చి కూర్చుంటే నాకు తిండి మానడం ఇంకా సులభమవుతుంది, కాని ప్రమీల తట్టుకోలేదు. అందుకని జాబే రాస్తున్నాను.

ప్రతి శనివారం మన అంగట్లోనే తూచుకుంటున్నాను. బస్తాలు తూచే పెద్ద తక్కెడలో ఒక పక్క పలక మీద నేను కూర్చుంటే, రెండో పక్క తూకమేసే పెద్ద ఈరన్న గుండ్లు పెడతాడు. తొలివారం తొమ్మిది మణుగుల నాలుగు వీశెలు, అంటే తొమ్మిదిన్నర ఉన్నాను. గానుగపిండికి వచ్చిన రైతులంతా చుట్టూ చేరి చూశారు. ఎవడో, "ఏమప్పా, ఓబులేసన్నను మణుగు ఎంతకిస్తాండారు?" అన్నాడు. ఈరన్న కూడా నవ్వాడు, వాణ్ణి పనిలోంచి తీసేసేవాణ్ణే.

ఇప్పుడు పొద్దున మజ్జిగ, మధ్యాహ్నం ఒక జొన్నరొట్టె, మాపు అర రొట్టె. అన్నం లేదు, సంగటి లేదు, నెయ్యి వాసన కూడా లేదు. నిన్నటికి తొమ్మిది మణుగులు. ఇంకా రెండు మణుగులు దించాలి. రాత్రిపూట కడుపులో ఎవరో చేయి పెట్టి పిండినట్టుంటుంది. ఎవరు పలకరించినా కొట్టబుద్ధి అవుతుంది.

నాయన యాభై రెండుకే పోయాడు. నాకిప్పుడు నలభై ఆరు. నేను ఆ దారిన పోను. ఏడు అన్నావు, ఏడు చూపిస్తాను.

ఓబులేసు


కర్నూలు
30-3-1954

ఓబులేసుకు,

మీ వీధి కృష్ణవేణమ్మ ఇక్కడున్న తన కూతురి ఇంటికి వచ్చి నన్ను చూసిపోయింది. పోతూ పోతూ నా గుండెల మీద బండ పెట్టి పోయింది. "మీ తమ్ముడు గుర్తు పట్టేటట్లు లేడమ్మా. చొక్కా కొయ్యకు తగిలించినట్టుండాది. దవడలు లోపలికి పోయినాయి" అంది.

ఇదంతా ఎవరి పని? నీకు తిండి మీద యావ ఎంతో నాకు తెలుసు. పెట్టే చేతులు పెడితే తినకుండా ఉండే వాడివి కావు. ఆ ప్రమీలమ్మకు పొయ్యి ముట్టించడం బరువై, డాక్టరు పేరు చెప్పి నిన్ను మాడుస్తున్నట్టుంది. నేను ఈ మాట అంటున్నానని దాచనక్కర లేదు, చదివి వినిపించు.

కృష్ణవేణమ్మ చేతికి ఒక డబ్బా ఇచ్చి పంపాను. మినప సున్నుండలు, మన అమ్మ చేసినట్టే నెయ్యి దండిగా పోసి చేశాను. రోజుకు ఒకటి తిను. ఏ డాక్టరూ చచ్చిపోడు.

ఇప్పుడు ఎంత ఉన్నావో రాయి. ఏడు వచ్చి ఉంటే ఆగు. రాకపోయినా కొంచెం నిదానించు.

లక్ష్మీదేవమ్మ


వేంపల్లె
9-4-1954

అక్కకు,

నమస్కారం పెట్టే మనసు లేదు.

చదివి వినిపించమన్నావు, వినిపించాను. ప్రమీల రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇంట్లో ఇప్పుడు ఇద్దరం ఎండుతున్నాం, నీకు సంతోషమేనా? ఆమె రోజూ నా ముందర కంచం పెట్టి ఏడుస్తుంది, నేను తోసేస్తాను. తోసేది నేను. తిట్టదలిస్తే నన్ను తిట్టు. పెళ్లయి ఇరవై ఏళ్లయినా ఆమె చేతి వంటలో నీకు ఉప్పు సరిపోలేదు, ఇప్పుడు ప్రాణం తీస్తోందని కూడా అంటావా?

నీ సున్నుండలు ఎడ్లకు పెట్టాను. బాగా తిన్నాయి.

ఏడు అన్నది నువ్వే. మొన్న శనివారం ఎనిమిది మణుగులు తూగాను. ఇంకా పూర్తిగా ఒక మణుగు ఉంది. ఊళ్లో ప్రతివాడూ చిక్కిపోయావు, చిక్కిపోయావు అంటాడు. వాళ్లు చెప్పిందల్లా వింటే తక్కెడ ఎందుకు? కళ్లు అబద్ధం చెప్తాయి, నోరు అబద్ధం చెప్తుంది, గుండు చెప్పదు. మధ్యలో ఆపేవాణ్ణయితే మొదలే పెట్టను.

వచ్చే నెల కోర్టు పని మీద కర్నూలు వస్తాను. డాక్టరు దగ్గరికి కూడా వస్తాను. అన్నం వండి నా మీద పడవద్దు.

ఓబులేసు


కర్నూలు
21-5-1954

ఓబులేసూ,

నువ్వు అలిగి వెళ్లిపోయి మూడు రోజులయింది. ఈ మూడు రోజులు నేను ఏం తిన్నానో, ఎట్లా పడుకున్నానో నీకెందుకు?

గుమ్మంలో నిలబడినప్పుడు నేను నిన్ను గుర్తు పట్టలేదురా. ఎవరో ముసలాయన దారి అడగడానికి వచ్చాడనుకున్నాను. నువ్వు "అక్కా" అన్నాక గాని పోల్చుకోలేదు. ఆ మాట నీ ఎదురుగా అనలేక గొంతు పెంచి తిట్టాను. నాకు వేరే విధంగా ఏడవడం చేతకాదు.

యంత్రం బాగుచేసి తెచ్చారు కదా, నీ ముందరే కదా తూచారు. నూట అరవై ఆరు. డాక్టరు మన లెక్కలో కూడా చెప్పాడు, ఆరు మణుగుల ఐదు వీశెలు. ఏడు దాటి మూడు వీశెలు కిందికి దిగిపోయావు. ఆయన బల్ల గుద్ది చెప్పాడు, ఈ పూట నుంచే ఆపమని. ఎంత తింటే ఏడు కాడ నిలబడతావో కాగితం మీద రాసి ఇచ్చాడు. నువ్వేం చేశావు? "మా అంగట్లో నేను ఏడున్నర ఉండా, నీ యంత్రం బండికి కట్టేదానికి కూడా పనికిరాదు" అని ఆ కాగితం ఆయన బల్ల మీదే పెట్టి వచ్చేశావు. బస్టాండు దాకా నీ వెనక పరుగెత్తాను. తిరిగి చూడలేదు.

కాగితం నేను తెచ్చాను, ఇందులో పెట్టాను. చించేముందు ఒకసారి చదువు. ఎవరి మాటా వద్దు, నీ పెళ్లాం కళ్లు చూసి అన్నం తిను. ఆమెను అన్న మాటలకు నేను సిగ్గుపడుతున్నాను, చెప్పు.

అక్క


వేంపల్లె
30-5-1954

అక్కకు,

కాగితం చదివాను. చించలేదు. పెట్టెలో పెట్టాను. ఏడు మణుగులకు వచ్చిన రోజు తీస్తాను.

ఆ రోజు డాక్టరు ముందర చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను విను. నన్ను తూచేది ఏ సంత గుండ్లతోనో కాదు. నాయన గుండ్లతో. అవే పది గుండ్లు, ఒక్కోటి మణుగు, ఆయన చేతి చెమటతో నల్లబడినవి. చుట్టు పది ఊళ్లలో తూకం తగాదా వస్తే "తిమ్మయ్య గుండ్లు తెప్పించండి" అనేవాళ్లు. నీకు గుర్తు లేదా? మొన్న గుండ్లకు ముద్ర వేసే సర్కారు గుమాస్తా వచ్చి, అవి ఎవరివో విని, తూచకుండానే ముద్ర కొట్టి పోయాడు. ఇరవై ఆరేళ్లుగా అంగడి ఆ పేరు మీద నడుస్తోంది. నేను నడపలేదు, ఆ పేరే నడిపింది.

నీ డాక్టరు యంత్రం నిజమైతే మన గుండ్లు అబద్ధం. గుండ్లు అబద్ధమైతే నాయన దొంగ. వేరే దారి లేదు. అదేనా నువ్వు అనేది? అయితే డొంకతిరుగుడు లేకుండా జాబులో రాయి, "మన నాయన దొంగ" అని. నిన్ను ఐదో తరగతి కాడ బడి మాన్పించాడని నీకు ఆయన మీద కసి ఉంది, నాకు తెలుసు. ఆ కసి నా కడుపు మీద తీర్చుకోవద్దు.

రాయలేకపోతే నోరు మూసుకో. రాయగలిగితే ఆ నోటితో నా గడప తొక్కవద్దు.

ఓబులేసు


కర్నూలు
12-6-1954

ఓబులేసూ,

నీతో మాట్లాడటం గోడతో మాట్లాడటమే. గోడైతే కనీసం తిట్టదు.

ఆ గుండ్లు ఇంకా ఉన్నాయని నాకు తెలియదు. ఎప్పుడో కరిగించి కొత్తవి పోయించి ఉంటావనుకున్నాను. పాతకాలపు ఇనుము, వానకు తడిసి, తుప్పు పట్టి, దొర్లించి దొర్లించి అరిగిపోయి ఉంటాయి. అందులో ఎవరి తప్పూ లేదు. ప్రొద్దుటూరు నుంచి కొత్తవి తెప్పించుకో. లేదా ఎర్రగుంట్ల స్టేషనుకు పోయి సామాన్లు తూచేచోట ఒక్కసారి ఎక్కు. ఒక్క పూట పని. నాయన మాట తీసుకురావద్దు, నేను తేవడం లేదు.

వినవని తెలుసు. అయినా రాస్తున్నాను.

అక్క


కర్నూలు
28-6-1954

ఓబులేసూ,

ఇప్పుడే కృష్ణవేణమ్మ వచ్చింది. కూతురి కోసం కాదు, ప్రమీల పంపితే నా కోసం వచ్చింది. శనివారం తక్కెడ మీది నుంచి ముందుకు పడ్డావట. నుదురు పగిలిందట. నీళ్లు చల్లితే కళ్లు తెరిచి మొదట అడిగిన మాట "ఎంత చూపించింది?" అనట. ఈరన్న "ఏడు మీద వీశె" అన్నాడట. "ఇంకా ఒక వీశె ఉండాది" అని ప్రమీల ఇచ్చిన మజ్జిగ తోసేశావట.

నేను వస్తే తలుపు వేసుకుంటావు. అందుకే ఈ జాబు కృష్ణవేణమ్మకిచ్చి, నీ చేతిలోనే పెట్టమన్నాను.

డొంకతిరుగుడు లేకుండా రాయమన్నావు కదా. రాస్తున్నాను. మన నాయన దొంగ.

అరిగిపోవడం అబద్ధం. కిందటి జాబులో నేను ఆడిన అబద్ధం. ఇనుప గుండు అడుగున ఒక గుంట ఉంటుంది, తూకం సరిచేయడానికి అందులో సీసం పోస్తారు. నాకు పదకొండేళ్లు, నీకు ఐదు. ఆ యేడు వానలు లేవు, అంగట్లో ఎలుకలు కూడా లేవు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఊరంతా తలుపులు వేసుకుని పడుకున్నప్పుడు నాయన నన్ను కొట్టుగదిలోకి పిలిచాడు. పది గుండ్లూ బోర్లించి ఉలితో సీసం తోడేశాడు. ఒక్కో గుండుకు వీశెడు. నువ్వు గడప కాడ కూర్చుని ఆ సీసం ముక్కలతో ఆడుకున్నావు. గుంటల్లో లక్క పోసి, మసి పూసి, మూసింది నేను. చిన్న చేతులు బాగా పూస్తాయన్నాడు. పని అయ్యాక తన తల మీద నా చేయి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. "ఇది బయట పడితే అంగడి కాదమ్మా పోయేది, నీ తమ్ముని బతుకు" అన్నాడు. వానలు వచ్చాక సీసం మళ్లీ పోస్తానన్నాడు. వానలు వచ్చాయి, ఆయన పోయలేదు. నేను అడగలేదు. పెళ్లి చేసి పంపించారు, నేను మరిచిపోయినట్టు బతికాను.

మణుగుకు ఎనిమిది వీశెలని నీకు చెప్పనక్కర లేదు కదా. ఆ గుండ్లలో ఏడే ఉన్నాయి. నువ్వు ఏడు మణుగుల మీద వీశె అనుకున్నది ఎంతో నువ్వే వేసుకో. ఆరు మణుగుల రెండు వీశెలు. ఆగాల్సిన చోటు దాటి నువ్వు ఎప్పుడో కిందికి పోయావు. ఇంకా వీశె కోసం చచ్చిపోతావా? మన ఇంట్లో ఆ గుండ్లు నమ్మి మోసపోయిన మనిషి నువ్వు ఒక్కడివే.

నా మీద నీకు ఎంత కోపం ఉన్నా సరే. ఆ కోపం చల్లారే దాకా బతికి ఉండు. అన్నం తిను.

లక్ష్మీదేవమ్మ


వేంపల్లె
19-7-1954

లక్ష్మీదేవమ్మకు,

నీ జాబు చదివి మొదట నిన్ను తిట్టాను. ఇంట్లో ఎవరూ వినని మాటలు తిట్టాను. తరువాత పది గుండ్లూ బండికెత్తించి ఎర్రగుంట్లకు పోయాను. స్టేషనులో సామాన్లు తూచేచోట ఒక్కొక్కటే పెట్టించాను. పదింటికి పదీ ఏడు వీశెలే. ఒకదాన్ని బోర్లించి కత్తితో గీకాను. మసి పోయింది, లక్క బయటపడింది. లక్క మీద ఒక వేలిముద్ర ఉంది. చిన్నపిల్ల వేలు. నేను దాన్ని చూస్తూ నిలబడితే గుమాస్తా పక్కకు జరగమన్నాడు.

తరువాత నేను ఎక్కాను. నువ్వు రాసిన లెక్కే, ఆరు మీద రెండు.

ఆ పూటే తిన్నాను. ఆకలై కాదు, కోపంతో. ప్రమీల సంగటి ముద్ద పెడుతుంటే ఇంకొకటి, ఇంకొకటి అన్నాను. ఆమె పెడుతూ ఏడ్చింది, నేను తింటూ ఏడ్చాను. మరునాడు పెట్టెలోంచి డాక్టరు కాగితం తీశాను. ఇప్పుడు ఆయన చెప్పిన కొలతకే తింటున్నాను. నిన్నటికి ఆరు మణుగుల నాలుగు వీశెలు, ఎర్రగుంట్లలోనే తూచుకున్నాను.

నీ మీద కోపం తగ్గలేదు. పదకొండేళ్ల పిల్లవు, నిన్ను అనను. కాని నాయన పోయినప్పుడు నీకు ఇరవై ఐదు దాటింది. తాళాలు నా చేతిలో పెట్టి అందరూ "నీ తండ్రి పేరు నిలబెట్టు" అంటుంటే నువ్వు పక్కనే నిలబడి ఉన్నావు. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఇన్నేళ్లు దొంగతనం చేసి ఉండేవాణ్ణి కాదు. తెలియక చేశానని నన్ను నేను ఓదార్చుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. నా ప్రాణం మీదికి వస్తే తప్ప నీ నోరు తెరుచుకోలేదు.

ప్రొద్దుటూరు నుంచి కొత్త గుండ్లు తెప్పించాను. మొన్న వాన పడింది, వేరుశనగ విత్తనానికి అందరూ వచ్చారు. బొజ్జన్న కూడా వచ్చాడు. మన నాయన కాలం నుంచి మన అంగట్లోనే కొంటున్నాడు. ప్రతి యేడూ విత్తడం అయిన తరువాత వచ్చి, ఆఖరి సాళ్లకు విత్తనం చాలలేదనేవాడు. "నీ చేయి వదులురా, దగ్గర దగ్గరగా వేస్తాండావు" అని నాయన నవ్వేవాడు. ఆయన తరువాత నేనూ అదే మాట అని నవ్వేవాణ్ణి. వాడూ నవ్వి, ఆ నాలుగు సాళ్లలో అలసందలు వేసుకునేవాడు.

ఈసారి కొత్త గుండ్లతో నాలుగు మణుగులు తూయించాను. ఈరన్న వాని గోతాంలోకి పోశాడు. బొజ్జన్న మూతి కట్టబోయి ఆగాడు. రెండు చేతులతో ఎత్తి చూశాడు. "ఏమప్పా, తూకం తప్పినావే. శానా పడింది" అన్నాడు. లేదు, సరిగ్గానే ఉందన్నాను. "నలభై ఏండ్లు మోసిన భుజమప్పా ఇది, నాకు తెల్దా? తిమ్మయ్య అంగట్లో ఒక గింజ ఎక్కువ తీసుకోని పోతే నాకు అరగదు" అని, గోతాం విప్పి, దోసిలి తరువాత దోసిలి ఎత్తి మన కుప్పలో పోశాడు. నాలుగు వీశెలు పోశాక మళ్లీ ఎత్తి చూసి, "ఆ, ఇప్పుడు సరిపోయింది" అన్నాడు.

చెప్పాలని నోరు తెరిచాను. చెప్పకుండానే గోతాం మూతి కట్టి ఇచ్చాను. వాడు నా మొహం చూసి, "శానా చిక్కినావు, తిని పండుకో అప్పా" అని గోతాం భుజాన వేసుకుని పోయాడు. ఈసారి కూడా వాని సాళ్లు మిగిలిపోతాయి.

నేను ఏడు కాడ ఆగుతాను. ఆ రోజు నీకు జాబు రాస్తాను, నువ్వు రావాలి. నన్ను చూడటానికి కాదు. మనం ఇద్దరం బొజ్జన్న ఇంటికి పోవాలి. నేను పక్కన నిలబడతాను, చెప్పేది నువ్వు.

ఓబులేసు